జల్లాఖ్ ఇంట్లో టరాంటెల్లా

మా మేడమ్ ఇటలీ మనిషి. జల్లాఖ్‌లోని వాళ్లింట్లో నాది వంటపని. శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి బహ్రెయిన్‌లో ఉంటున్న ఇటలీ వాళ్లు ఆ ఇంటికి చేరేవారు. హాల్లో సోఫాలు గోడకు జరిపేవాళ్లం. ఒకాయన అకార్డియన్ మెడకు తగిలించుకుంటే, మేడమ్ కంజీర లాంటిది వాయించేది. మిగతావాళ్లు జంటలుగా గంతులేసి ఆడేవారు. వాళ్ల ఊళ్లలో పెళ్లిళ్లకూ పండగలకూ ఆడే టరాంటెల్లా అది. ఇక్కడ పెరిగే పిల్లలకు ఆ ఆట తెలియకుండా పోతుందేమోనని మేడమ్ దిగులు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటే నా కాళ్లు ఆగేవి కావు. బట్టలు ఆరేస్తూ, ఎవరూ లేరనుకుంటే నాలుగడుగులు వేసేదాన్ని. పిలిస్తే బాగుండునని ఉండేది. ఎవరూ పిలవలేదు.

మేడమ్ వాళ్లమ్మ చక్రాల కుర్చీలో ఉండేది. ఆమెను చూసుకోవడానికి మనిషి కావాలంటే, నువైద్రాత్‌లో నా గదిలోనే ఉండే అమలాపురం వైపు పిల్లను నేనే కుదిర్చాను. ఆమె చేరిన కొత్తల్లోనే ఒక శుక్రవారం ఆటలో జోడీ తక్కువైంది. మేడమ్ మా వైపు చూసింది. నేను గబగబా చేతులు తుడుచుకున్నాను. మేడమ్ నన్ను దాటి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అమ్మో, నాకు రాదక్కా, సిగ్గేస్తంది!" అంటూనే వెళ్లింది. అన్నీ తప్పులే వేసింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. నేను లోపలికెళ్లి, పాస్తా వార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను.

ఆ తర్వాత ఆమెకు ఎర్ర పరికిణీ కుట్టించారు. మేడమ్ వాళ్ల కారులో గదికి వెళ్తూ రోజూ అవే కబుర్లు.

"నా కాళ్లు తేలికంటక్కా, మేడమ్ అంది."

"అయితే చెప్పులు కూడా కొనిపెట్టమను" అన్నాను వెటకారంగా.

"కొన్నారక్కా!" అంది సంబరంగా.

రాజధాని మనామాలో ఇటలీ వాళ్లంతా కలిసి ఆ ఆట ప్రదర్శించిన రోజున పెద్దావిడ కుర్చీ తోసే పని నా మీద పడింది. ముందు వరసలో ఆ పిల్ల ఆడుతుంటే ఒక్క అడుగైనా తప్పాలని కోరుకున్నాను. తప్పలేదు. నా పక్కన పెద్దావిడ ఏదో గొణుగుతూ కుర్చీ చేతిని గుద్దుతోంది.

విరామంలో మేడమ్‌ను అడిగాను, "అమ్మగారు ఏమంటున్నారు?"

మేడమ్ ఇబ్బందిగా నవ్వింది. "ఆ చోటు తనదంట. తనను కూర్చోబెట్టి వేరేవాళ్లను నిలబెట్టానని తిడుతోంది."

"నాకూ అలాగే ఉందమ్మగారూ" అన్నాను పెద్దావిడతో, తెలుగులో. ఆమెకేం అర్థమైందో, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

చివర్లో చూసేవాళ్లను కూడా ఆటకు రమ్మన్నారు. నేను ఆలోచించలేదు. కుర్చీని నడిమధ్యకు తోసుకెళ్లి, పెద్దావిడ చేతులు పట్టుకుని ఆమె చుట్టూ ఆడాను. ఆమె పెద్దగా పాడింది. జనం పక్కకు జరిగి మాకు చోటిచ్చారు.

"అక్కా, నీకెప్పుడొచ్చిందీ?" ఆ పిల్ల మొహం అప్పుడు కాస్త చిన్నబోయింది. అది చూసి నా ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు శుక్రవారాల్లో నేనూ పెద్దావిడా ఒక జోడీ. మేమిద్దరం వెనక వరసలోనే. ముందు వరసలో ఆ పిల్ల గిర్రున తిరిగినప్పుడల్లా నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. పెద్దావిడైతే బాహాటంగానే తిడుతుంది.