పసుపు గీత పడని అధ్యాయం

నా జ్ఞాపకాలు పుస్తకంగా వేయించుకుంటానంటే మా ఆయన చేతిలో పేపరు దించకుండానే, "చిక్కడపల్లి, నారాయణగూడ దాటి ఎన్నడన్న పోయినవా? రాసేటందుకు ఏమున్నది?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లోవాళ్లకు చూపిస్తే తమ గురించి ఎక్కడుందో వెతుక్కుంటారే తప్ప చదవరు. బయటి మనిషి ఒకరు చివరిదాకా చదివి బాగుందంటే అచ్చు వేయించాలి, లేదంటే అటకెక్కించాలి అని ఒట్టు పెట్టుకున్నాను.

మా మేడమీద గదిలో ఒకమ్మాయి కిరాయికి ఉంటోంది. ఊరి నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుకుంటోంది. రాసిందంతా అశోక్‌నగర్‌లో జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఇక మెట్ల మీద చప్పుడైతే చాలు, తలుపు దగ్గరికి వెళ్లి తొంగిచూసేదాన్ని.

ఒక పొద్దున తిరిగి తెచ్చిచ్చింది. తెరిస్తే చాలా పేజీల్లో హైలైటర్‌తో గీసిన పసుపు గీతలు. అబ్బ, ఎంత నచ్చిందో అని మురిసిపోయాను. తీరా చూస్తే ఆ గీతలు మా వీధికి నల్లా వచ్చిన ఏడాది మీద, మా బాపు చేసిన ఉద్యోగం మీద, లోయర్ ట్యాంక్ బండ్‌లో వాననీళ్లు ఎంతెత్తు నిలిచాయో రాసిన చోట. పక్కన పెన్నుతో "బిట్ అడగొచ్చు" అని కూడా రాసింది.

మా అమ్మ పోయాక మొదటిసారి సర్వపిండి చేయబోయి, మాడ్చి, పొయ్యి ముందే కూర్చుని ఏడ్చిన సంగతి ఒక అధ్యాయం రాశాను. అది రాస్తున్నప్పుడూ ఏడ్చాను. దాంట్లో ఒక్క గీత లేదు.

"ఏందమ్మా, ఇది నా బతుకా, జనరల్ స్టడీసా?" అన్నాను.

"సారీ ఆంటీ. చదువుతుంటే చెయ్యి ఊకుంటలేదు, అలవాటైపోయింది."

"మరి మా అమ్మ గురించి రాసిన కాడ గీసేటంత ఏం లేదా?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మర్చిపోతమేమో అనుకున్నదాన్కే గీత గీస్తం ఆంటీ. అది చదివి అప్పుడే మా అమ్మకు ఫోన్ చేసిన. దాన్కి గీతెందుకు?"

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నమే చిక్కడపల్లిలో ప్రెస్సుకు బయల్దేరాను. మా ఆయన కూడా చెప్పులేసుకుని వెంట వచ్చారు. తన గురించి ఎన్నో పేజీలో ఉందని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు.