అక్క పగడానికి పేట నీళ్లు

బైబిలు మీద ఒట్టు పెట్టకూడదని మా అక్క చిన్నప్పటినుంచీ చెప్పేది. అందుకని, ఆమె తన అక్వేరియంలో కలిపే సముద్రపు ఉప్పు బకెట్టు మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. జగ్గయ్యపేటలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే చదవడం ఆపేస్తారు. మీరు ఎరగరు కాబట్టి కానివ్వండి.

పేటలో నాకు లారీ స్పేర్‌పార్టుల కొట్టు ఉంది. అక్క నందిగామలో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో కూర్చున్నాక ముందుగదిలో పెద్ద గాజుతొట్టి పెట్టించి, ఉప్పునీళ్లు నింపి, రెండు చేపల్నీ ఒక పగడాన్నీ పెంచింది. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేవాణ్ణి. ఇది ప్రాణమున్నది. అరచెయ్యంత పుట్టగొడుగు, పట్టుకుంటే మెత్తని తోలు. ఒంట్లో బాగున్నప్పుడు పైనంతా సన్నటి కాడలు విచ్చుకుని నీటి కదలికకు ఊగుతాయి.

నేను ఏ కబురు మోసుకెళ్లినా అక్క అంతా విని ఒకటే అడిగేది.

"ఇందులో నిజమెంతరా?"

నూటికి ముప్పై అయిదంటే, "పాసయ్యావు పో," అనేది.

మొన్న వేసవిలో అక్కను విజయవాడ ఆసుపత్రిలో చేర్చాం. కారెక్కేముందు నన్ను పిలిచి, "తొట్టిలో నీళ్లు ఆవిరైపోతా ఉంటాయి. తగ్గినంత మళ్లీ పొయ్యి. వంటింటి ఫిల్టర్లో కార్ట్రిడ్జి అయిపోయింది, కొత్తది తెప్పించు. వడకట్టిన నీళ్లే పొయ్యాలి. బోరు నీళ్లు దానికి సరిపడవు," అంది.

నేను తెప్పించలేదు. పేటలో మా భాయ్ వాటర్ ప్లాంటు ఉండగా కార్ట్రిడ్జి ఎందుకనుకున్నాను. భాయ్ అంటే నాతోపాటు చదువుకున్నవాడు. తెలిసినవాడి నీళ్లకు వంకేముంటుంది? రెండురోజులకోసారి క్యాన్లు వ్యాన్లో వేసుకుని నందిగామ వెళ్లి తొట్టిలో పోసొచ్చేవాణ్ణి.

రెండోవారంలో కాడలన్నీ ముడుచుకున్నాయి. పగడం మీద మైనం పూసినట్టు పొర కట్టింది. అక్క నోటుపుస్తకంలో, "అప్పుడప్పుడూ పొర విడుస్తుంది. వారం రోజులు ఆగాలి. కంగారు పడకూడదు," అని రాసి ఉంది. నాకు కంగారేమీ కలగలేదు. ఆసుపత్రి మెట్లెక్కడం, దిగడం, క్యాను మొయ్యడం, కొట్టు షట్టరు ఎత్తడం, అన్నీ ఒక్కలాగే ఉండేవి.

నాలుగోవారంలో ఒకరోజు మంచం పక్కన నిలబడి ఉంటే అక్క అడిగింది.

"విచ్చుకుందా?"

"విచ్చుకుందక్కా."

"నిజమెంత?"

"నూటికి నూరు."

అక్క కళ్లు మూసుకుంది. ఆ తర్వాత మూడోరోజున పోయింది.

చర్చి నిండా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లు ఏడుస్తుంటే నేను కుర్చీలు సరిపోయాయో లేదో చూసుకున్నాను. అందరూ వెళ్లాక తొట్టి దగ్గరికెళితే పగడం అంచు నల్లబడి జిగురుగా జారిపోతోంది. ఇది చస్తే అక్కకు నేను చెప్పిన చివరిమాట అబద్ధంగానే మిగిలిపోతుంది. అంతవరకూ తట్టింది. బాధని అనను. ఒక పని మిగిలిపోయిందని తెలిసింది, అంతే.

అక్కకు ఆ పగడం అమ్మిన విజయవాడ షాపాయనకు ఫోను చేశాను.

"నీళ్ల వేడి ఎంతుందండి?"

"ఇరవయ్యారు."

"ఉప్పు?"

"అక్క రాసిపెట్టినంతే ఉంది."

"లైటు ఏమన్నా మార్చారా?"

"లేదండి."

"చేపలు కొరుకుతున్నాయేమో చూశారా?"

"వాటికంత ఓపిక లేదండి."

"పొర కట్టి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలవుతోంది."

"మూడు వారాలంటే పొర విడవడం కాదండి, జబ్బే. నీళ్లెక్కడివి పోస్తన్నారు?"

"మా ఫ్రెండు ప్లాంటువి. పేటలో అంత మంచినీళ్లు..."

"మంచివో కాదో మీటరు చెబుద్ది. నీళ్లలో లవణాలెంతున్నాయో కొలిచేది, పెన్నులాంటిది, మేడంగారి దగ్గర ఉండాలి. క్యాన్లో ముంచండి. సున్నా దగ్గర్లో చూపించాలి."

నూట ఎనభై చూపించింది. మీటరు పాడైందనుకుని బోరు కుళాయి కింద గ్లాసు పట్టి అందులో ముంచాను. ఏడొందల పైన చూపించింది. పాడైంది మీటరు కాదు.

నేరుగా పేట వచ్చి ప్లాంటు ముందు వ్యాను ఆపాను. భాయ్ క్యాన్లు కడిగిస్తున్నాడు.

"భాయ్, నీళ్లలో ఏం కలుపుతున్నావు?"

"బోరు నీళ్లు. ఓ పావు వంతు." దాచలేదు, తడబడలేదు.

"ఎందుకు?"

"ఎందుకేంది? నీ మూలానే. కంచికచర్ల మోకాళ్లాయన్ని మర్చిపోయావా?"

మర్చిపోయాను. రెండేళ్ల కింద టీకొట్టు దగ్గర నేనే చెప్పిన కథ. కంచికచర్లలో ఒకాయన ఆరునెలలు ఫిల్టరు నీళ్లే తాగేసరికి ఒంట్లో సారమంతా పోయి, లేచి నిలబడితే చాలు మోకాళ్లు టకటకా మోగేవట. బస్సులో ఆయన సీట్లోంచి లేస్తే కండక్టరు డబల్ బెల్లు కొట్టాడనుకుని డ్రైవరు బండి కదిలించేవాడట.

"నువ్వు చెప్పి పోయావు. మర్నాటినుంచి పేటంతా నా మీద పడింది," అన్నాడు భాయ్. "నీ నీళ్లలో బలం లేదంట కదా అని క్యాన్లు తిప్పి పంపారు. ఏం చెయ్యను, పైపు తిప్పి బోరు కలిపా. ఇప్పుడు ఎవళ్లూ మోకాళ్ల మాటెత్తరు. నీ క్యాన్లలో అయితే ఇంకో రెండు చెంబులు ఎక్కువే పోశా."

"నాకెందుకు?"

"అక్కకి బాలేదన్నావుగా. బలంగా ఉంటదని."



"అక్క తాగలేదు భాయ్. ఆ నీళ్లు పగడానికి పోశా."

"పగడానికి నీళ్లేందిరా? ఇది కూడా కథేనా?"

"కాదు."

"సరేలే," అని క్యాను బోర్లించాడు. నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకూ లేకపోయింది.

కార్ట్రిడ్జి తెప్పించాను. షాపాయన చెప్పినట్టు కొత్త బ్లేడుతో కుళ్లిన అంచు కోసేశాను. రోజు విడిచి రోజు కొన్ని నీళ్లు తీసి, వడకట్టిన నీళ్లలో ఉప్పు కలిపి పోశాను. నోటుపుస్తకంలో అక్క రాత కింద నా రాత మొదలైంది. ముడుచుకునే ఉంది. ముడుచుకునే ఉంది. రెండు పేజీలు అదే మాట. ఏడోవారంలో ఒక మంగళవారం పొద్దున వెళ్లేసరికి కోసినవైపు కాకుండా అవతలివైపు కాడలు లేచి ఉన్నాయి. లెక్కపెట్టి "ఏడు" అని రాశాను. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేపలు అటూ ఇటూ తిరిగాయి. కొట్టు తెరిచే వేళయిందని లేచాను.

ఇక బకెట్టు మీద చెయ్యి తీస్తున్నాను. మోకాళ్లాయన లేడని మీరే కనిపెట్టి ఉంటారు, దాన్ని లెక్కలో వెయ్యకండి. పగడం నిజం, ఏడు కాడలూ నిజం, భాయ్ పోసిన రెండు చెంబులూ నిజం. నేను కల్పించింది ఆసుపత్రిలో మాటలు. అక్క నన్నేమీ అడగలేదు. చేర్చిన నాలుగోరోజునుంచే ఆమె గొంతులో గొట్టం ఉంది. చెవి దగ్గర వంగి "విచ్చుకుందక్కా" అని నేనే చెప్పాను. నిజమెంత అని అడుగుతుందేమోనని కాస్త సేపు అలాగే వంగి ఉన్నాను. తర్వాత నర్సు వచ్చి, టైమైపోయింది బయటికి రండి అంది.