పక్కింటాయన పోట్లాట పాటలు

అమెరికాలో మేముండే నోవై ఊళ్లో మా పక్కింటాయన పోయారు. దీన్ని రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఆయనకు తెలుగు రాదు, చదివేవాళ్లకు ఆయన తెలియదు, ఎవరి కోసం ఈ శ్రమ? తీరా కలం పక్కన పెడితే ఆ పూట అన్నం సహించలేదు.

ఆయన కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. భార్యతో కలిసి కంట్రీ డ్యూయెట్లు, అంటే ఇక్కడి పల్లెటూరి జంటపాటలు, పాడేవారట. ఆవిడ పోయాక గిటారు ముట్టలేదు. ఒకరోజు కాలేజీలో చదివే మా మనవరాలు పెరట్లో ఏదో పాడుకుంటుంటే, కంచె అవతల నుంచి ఓ ముసలి గొంతు వచ్చి కలిసింది. అలా మొదలై, శనివారం మధ్యాహ్నాలు ఇద్దరూ ఓ చర్చి హాల్లో పాడే దాకా వెళ్లింది.

ఈ పాటలకో రివాజుంది. ఒకే మైకు దగ్గర, మొహాలు దగ్గరగా పెట్టి, కళ్లల్లోకి చూసుకుంటూ పాడాలి. మొదటిసారి చూసి మా ఆవిడ అదిరిపడింది.

"ఏమండీ, తాత వయసు మనిషి మన పిల్లని పట్టుకుని డార్లింగ్ అంటాడేంటి?"

"అమ్మమ్మా, సాంగ్‌లో హజ్బెండ్, అంతే. నాట్ రియల్!"

"రియల్ అయితే ఊరుకుంటానుటే?"

సంగతి తెలిసి ఆయన టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "మేడమ్, ఇవాళ్టి నుంచి పోట్లాట పాటలే పాడతాం. మా ఆవిడతో నేను ఎక్కువ పాడిందీ అవే" అన్నారు. ఇక చూడాలి! మాడిన కూర మీద, ఇంటికి ఆలస్యంగా రావడం మీద ఇద్దరూ దెబ్బలాడుకుంటుంటే, మనవరాలు ఎదురు జవాబిచ్చిన ప్రతిసారీ మా ఆవిడ ముందు వరసలో చప్పట్లు. "గెలవడానికి పాడకు, నేను జవాబు చెప్పేటట్టు పాడు" అని పిల్లకి నేర్పేవారాయన.

తర్వాత ఆయన గొంతులో జబ్బు బయటపడింది.

మా వైపు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషగాడికి వయసు మీద పడితే, హార్మోనియం ఆయన ఎవరికీ చెప్పకుండా శ్రుతి దించేవాడు. జనం కనిపెట్టేవారు కాదు, నేను కనిపెట్టేవాణ్ణి. ఇక్కడా కనిపెట్టాను. మనవరాలు వారం వారం పాటను కిందికి దించుతోంది. ఆయనకు అందుతోంది గానీ, దాని గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"నీ శ్రుతిలో పాడొచ్చు కదే?"

"నా కీలో ఆయన పాడలేరు, తాతయ్యా."

"అయితే?"

"అయితే నాకు వద్దు."

ఆయనా కనిపెట్టారు. హాల్లో అందరి ముందే గిటారు ఆపి, "పిల్లా, నాకోసం దిగింది చాలు. పైకి రా" అన్నారు. అది తల అడ్డంగా ఊపింది. ఆయన వినకుండా దాని శ్రుతిలో తీగలు మీటారు. అది కళ్లు తుడుచుకుంటూనే పాడింది. తన వంతు వచ్చేసరికి ఆయనకు గొంతు పెగల్లేదు. పాట మానేసి మాటల్లోనే పోట్లాడారు, బొంగురుగా, వేలు చూపిస్తూ. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు, పైట నోట్లో కుక్కుకుంది.

ఆయన మళ్లీ హాలుకి రాలేదు. ఆస్పత్రిలోనే పోయారు.

మొన్న శనివారం మధ్యాహ్నం మనవరాలు కోటు వేసుకుని బయటికెళ్లింది. కారు మీద పడ్డ మంచునంతా దులిపింది. కాసేపు నిలబడింది. ఎక్కడికీ వెళ్లలేదు. లోపలికొచ్చి బూట్లు విప్పింది.