రాజన్న రొమేనియన్ ఇంటర్వ్యూ

2024. మస్కట్‌లో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తూ, శుక్రవారాల్లో అక్కడి రూవి పేటలో రొమేనియన్ బేసిక్ గ్రామర్ చెప్పేవాణ్ణి. అంతకుముందు రెండేళ్లు రొమేనియాలో ఉద్యోగం చేశాను. అక్కడికి పనివాళ్లను పంపే ఏజెంటు ప్రసాద్ గారి ఆఫీసే మా క్లాసు. మలయాళీలు, బెంగాలీలు, మనవాళ్లు కలిసి ఉండేవారు కాబట్టి పాఠం ఇంగ్లీషులోనే సాగేది.

నా వరుస ఇది: ముందు నామవాచకాలు, తర్వాత క్రియలు, ఆపైన ప్రశ్నలు. ఇంగ్లీషులో మాటకు ముందు వచ్చే ‘ద’ రొమేనియన్‌లో మాట చివర అతుక్కుంటుంది. ‘ఓమ్’ అంటే మనిషి, ‘ఓముల్’ అంటే ఆ మనిషి. క్రియ చివరను బట్టే కర్త తెలుస్తుంది. ‘మేం పడుకుంటాం’ అనడానికి ‘దోర్మీమ్’ చాలు. ఇంగ్లీషు అలవాటుతో అందరూ దాని ముందు ‘వుయ్’ కోసం వెతుక్కునేవారు.

రాజన్నది జగిత్యాల వైపు. మస్కట్‌కు ఐదొందల కిలోమీటర్లు దాటి ఉండే దుక్మ్‌లో స్కాఫోల్డర్, అంటే కట్టడాల చుట్టూ ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని. సైట్ పని అయిపోవచ్చింది, కంపెనీ వీసాలు క్యాన్సిల్ చేస్తోంది. రొమేనియా ఉద్యోగం రాకపోతే ఇంటిదారే. అందుకే సెలవు దొరికినప్పుడల్లా అంత దూరం బస్సులో వచ్చేవాడు.

ఇంటర్వ్యూకు ముందు ప్రసాద్ గారు అందరికీ ఒకటే చెప్పారు. ఏమడిగినా ‘దా, దోమ్నులె’ అనాలి, అవును సార్ అని. రాజన్న నవ్వాడు.

“గల్ఫ్‌ల ఇన్నేండ్ల సంది గదే అంటున్న గద సార్. దానికి క్లాసెందుకు?”

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. రొమేనియా కంపెనీ మనిషి పేరు, పని, అనుభవం అడిగాడు. రాజన్న తడబడలేదు. చివర్లో, నువ్వేమైనా అడుగుతావా అన్నాడాయన. దుక్మ్‌లో ఏసీ సరిగా పనిచేయని క్యాబిన్లో, బంకు మంచాల మీద నలిగిన మనిషి రాజన్న.

“ఊందే దోర్మీమ్?” అన్నాడు. మేం ఎక్కడ పడుకుంటాం?

ఆయన నవ్వి, చాలా బాగా మాట్లాడావన్నాడు. మర్నాడు ‘దా’ తప్ప మరో మాట రానివాళ్లు ఎంపికయ్యారు. రాజన్న కాలేదు. కారణం ప్రసాద్ గారే చెప్పారు.

“ఇప్పుడే రూమ్ సంగతి అడిగేవాడు రేపు ఓవర్‌టైమ్ డబ్బులు అడగడా అన్నారు వాళ్లు. జవాబులు నేర్పవయ్యా అంటే ప్రశ్నలు నేర్పావేంటి?”

రాజన్నకు నేనే ఫోన్ చేశాను. ఎంపిక కాలేదని చెప్పాను.

“మంచిగనే పలికిన గద సార్?” అని అడిగాడు.

తప్పే లేదన్నాను. ఆ నెలలోనే ఇంటికి వెళ్లిపోయాడు.

పనివాడికి తమ భాష రావాలని కంపెనీలు కోరేది, చెప్పింది వాడికి అర్థమయ్యేంత వరకే. ఇప్పటికీ ప్రశ్నలు నేర్పుతున్నాను. వీసా స్టాంపు పడేదాకా వాటిని నోట్లోంచి రానివ్వొద్దని కూడా నేర్పుతున్నాను.