రెడ్డిగారు కొన్న గది

నిమ్మగడ్డి వాసన వేసే చల్లని తువ్వాలు ఎవరైనా చేతికిస్తే చాలు, నాకు మా పాత యజమాని ఓబుల్‌రెడ్డి గారు గుర్తొస్తారు. ఇప్పుడు నేను పనిచేసే కంపెనీ పెద్దలు విమానాశ్రయంలో అందరితో పాటు వరుసలో నిలబడరు. వాళ్ళకు వేరే గేటు, వేరే భవనం, మెత్తటి సోఫాలు, కూర్చోగానే చేతికి ఆ చల్లని తువ్వాలు. తనిఖీ అక్కడే, పాస్‌పోర్టు మీద ముద్ర అక్కడే, ఆపైన విమానం మెట్ల దాకా కారు. డబ్బు కట్టినవాళ్ళకు ఎవరికైనా ఆ సేవ దొరుకుతుంది. ఆ బుకింగులు చూసేది నేనే కాబట్టి అప్పుడప్పుడూ ఆ గదిలోకి వెళ్ళక తప్పదు. వెళ్ళినప్పుడల్లా అయోమయంలో పడతాను. రెడ్డిగారు ఒకప్పుడు అలాంటి గదిలోనే చేసింది మంచితనమో పిరికితనమో నాకు ఈనాటికీ తేలలేదు.

ఓర్వకల్లు దగ్గర ఆయనకు బండల ఫ్యాక్టరీ ఉండేది. చదువు ముగించి కోడుమూరు నుంచి బస్సులో వచ్చి అక్కడే ఉద్యోగంలో చేరాను. లారీల లెక్క దగ్గర్నుంచి బ్యాంకువాళ్ళతో మాట్లాడటం దాకా అన్నీ ఆయన నేర్పినవే. నోటి వెంట ఒక్క మెత్తటి మాట మాత్రం వచ్చేది కాదు. ఒకసారి కడపకు పోవాల్సిన బండలు ఇంకెక్కడికో పోతే అందరి ముందూ నన్ను దులిపేశారు. తప్పు డ్రైవరుదని మర్నాడు తేలింది. నాతో ఏమీ అనలేదు గానీ, ఆ వారంలోనే నా కుర్చీ పక్కకు కొత్త కూలరు వచ్చింది. ఎందుకని అడిగితే, "ఎండలు గదా పాపా" అని ఫోను చెవికి పెట్టుకున్నారు. నాకు భలే నచ్చింది. మాటలు ఎవరైనా చెప్తారు, మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

మస్తాన్ మామ విషయం వేరు. బండలు కోసే మిషను మీద ఆయనే పెద్ద మేస్త్రీ, రెడ్డిగారికి చిన్ననాటి స్నేహితుడు కూడా. నేను చేరకముందే ఆ మిషను బ్లేడు కింద పడి ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. పని తొందరగా సాగాలని బ్లేడు మీది ఇనుప మూత తీయించింది రెడ్డిగారే. మామ పరధ్యానంగా ఉన్నాడని మాత్రం ఊరంతా చెప్పుకున్నారు, రెడ్డిగారు కాదనలేదు. ఆసుపత్రి ఖర్చులు పెట్టుకున్నారు, మామకు ఇల్లు కట్టించారు, కూతురు హసీనా పెళ్ళి దగ్గరుండి చేయించారు. తప్పు నాదే అన్న ఒక్క మాట బాకీ పడింది. ఫ్యాక్టరీలో అందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు.

మామ ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పోవాలనుకున్నాడు. ఓర్వకల్లులోనే విమానాశ్రయం ఉన్నా జెడ్డాకు హైదరాబాదు నుంచే పోవాలి. ఆ యాత్రకు పోయేవాళ్ళు తెలిసినవాళ్ళందరినీ పట్టుకొని, నా వల్ల తప్పు జరిగుంటే మాఫ్ చేయమని అడుగుతారు. చేశామని అవతలివాళ్ళు నోటితో అనాలి. అందుకే సాగనంపడానికి ఊరు ఊరంతా విమానాశ్రయం దాకా వస్తుంది. మామ కోసం కూడా పూలదండలతో రెండు వ్యాన్ల జనం సిద్ధమయ్యారు. సరిగ్గా అప్పుడే రెడ్డిగారు మామ కోసం అలాంటి ప్రైవేటు టెర్మినల్ బుక్ చేయమన్నారు. అక్కడికి సాగనంపేవాళ్ళను ఇద్దరికి మించి రానివ్వరని, మిగతావాళ్ళంతా బయటే ఉండిపోతారని చెప్పాను. తనకు తెలుసన్నారు, మామకు మోకాళ్ళ నొప్పులన్నారు, పక్కనుండే ఇద్దరి పేర్లలో తనదీ నాదీ రాయమన్నారు.

ఆ రోజు ఆ గదిలో మామ సోఫా అంచున కూర్చున్నాడు. మనవాళ్ళంతా ఎక్కడని రెండుసార్లు అడిగాడు. హసీనా అందరూ పోయే పెద్ద గేటు దగ్గర నిలబడి మాకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. రెడ్డిగారు పండ్లరసం తాగమన్నారు, మక్కాలో ఎండల గురించి చెప్పారు, చెప్పులు మెత్తగా ఉన్నాయా అని అడిగారు. ఇంతలో కారు సిద్ధంగా ఉందని అక్కడి అమ్మాయి వచ్చి చెప్పింది. మామ లేచి రెడ్డిగారి చేతులు పట్టుకున్నాడు.

"రెడ్డీ, శానా ఏండ్లు నీ కాడ పనిజేసినా. నా వల్ల ఏమన్నా తప్పు జరిగింటే మాఫ్ జెయ్."

"అడగాల్సింది నువ్వు గాదు మస్తాన్. నేను" అన్నారు రెడ్డిగారు.

"అడుగు మరి" అన్నాడు మామ.

గొంతులో కోపం లేదు. నిజంగానే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. రెడ్డిగారు నా వైపు చూశారు, తలుపు వైపు చూశారు. బయటికి పోవాలో ఉండాలో నాకు పాలుపోలేదు. చివరికి, "మందులు యాళకు ఏసుకో" అన్నారు. మామ తల ఊపి కారెక్కాడు.

పెద్ద గేటు వైపు నడుస్తుంటే రెడ్డిగారు ఉన్నట్టుండి, "మోకాళ్ళ కోసం గాదు పాపా ఆ గది. జనం లేనిచోట అడుగుదామనుకుంటి" అన్నారు. గేటు దగ్గర దండలు వాడిపోతున్నాయి. నాయనను కళ్ళారా చూసుకోనివ్వలేదేమని హసీనా ఏడుస్తూ నిలదీసింది. అప్పుడు, అంతమంది ముందు, ఆయనకు నోరు వచ్చింది. మూత తీయించింది తానేనని, మస్తాన్ తప్పు రవ్వంత కూడా లేదని, ఆ మాట చెప్పడానికే తీసుకుపోయి చెప్పలేకపోయానని, తనను మాఫ్ చేయమని అడిగారు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పోయింది మా నాయన చెయ్యి. మాఫ్ జేసేదానికి నాకేం హక్కుండాది రెడ్డీ? ఆయనొచ్చినాక ఆయన్నే అడుగు."

మామ తిరిగి వచ్చాడు, రెడ్డిగారికి ఖర్జూరాలూ మక్కాలోని పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ళూ తెచ్చిచ్చాడు. ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి టీ తాగేవారు. తర్వాత కొన్నాళ్ళకు రెడ్డిగారు గుండెపోటుతో పోయారు. దినాల రోజు భోజనాల దగ్గర మామ పక్కన కూర్చున్నాను. రెడ్డిగారు చివరికి మాఫ్ అడిగారా అన్నాను.

"అడగలే పాపా. హసీనా నాకంతా చెప్పింది గానీ, ఆయన నోటితో విందామని నేనూ చూస్తా ఉంటి. అడిగింటే ఆ నిమిషమే మాఫ్ జేసింటి. ఇప్పుడు యాడికిపోయి చెప్పేది?"

రెడ్డిగారి మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది. ఆయన నేర్పిన పనే ఈనాటికీ నాకు తిండి పెడుతోంది. నా కింద పనిచేసే వాళ్ళను అనవసరంగా ఒక మాట అన్నప్పుడు, నా మనసు మొదట వాళ్ళకు ఏం కొనిద్దామా అనే వెతుకుతుంది. అప్పుడు లేచి వాళ్ళ బల్ల దగ్గరికి పోతాను. కొన్నిసార్లు క్షమించమని అడుగుతాను, కొన్నిసార్లు టీ తాగారా అని అడిగి వచ్చేస్తాను.