జలుబు మాత్రకి మూడు ప్రశ్నలు

మా మేనత్త మందుల షాపులో జలుబు మాత్ర కొనడం కన్నా జలుబుతో బతకడం సులువు. మాత్ర చేతికి రావాలంటే ముందు మూడు ప్రశ్నలు దాటాలి. అవీ వీధి చివరిదాకా వినపడే గొంతుతో: "బీపీ ఉందా? ఇది వేసుకుని బండి నడుపుతారా? మూత్రం సాఫీగా అవుతోందా?"

పరీక్షలంటే పడకే నేను కాలేజీ మానేశాను. వచ్చి ఈ పరీక్షా కేంద్రంలో పడ్డాను. షాపులో ఓ మూల బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేస్తాను. స్క్రీను మార్పించుకోడానికొచ్చిన అమ్మాయి పొరపాటున తుమ్మిందా, అంతే. మూడో ప్రశ్న విన్నాక మళ్లీ ఈ గడప తొక్కదు.

"అందరినీ అడగాలా అత్తా? మొహం చూస్తే తెలీదూ?"

"మొహం చూస్తే నువ్వు ఇంజినీరులా ఉంటావు. ఏం తెలిసింది?"

ఓ మధ్యాహ్నం పని లేక నేనే అడిగాను, అసలు ఆ మాత్ర ఏం చేస్తుందని. అత్త మొహం వెలిగిపోయింది.

"ఒంటికి పడని దుమ్ము ముక్కులోకి పోయిందనుకో. ఒంట్లో హిస్టమిన్ అనేది ఊడిపడి బెల్లు నొక్కుతుంది. తుమ్ములు, నీళ్లు, దురద! ఈ మాత్ర ముందే వెళ్లి బెల్లుకి చెయ్యి అడ్డం పెడుతుంది."

"మరి నిద్రెందుకు?"

"పాతరకాలు మెదడులోకీ దూరతాయి. అక్కడ మనల్ని మెలకువగా ఉంచేదీ ఆ హిస్టమినే. కొత్తరకాలకి మత్తు తక్కువ."

"ముక్కు దిబ్బడ తీసేదీ ఇదేనా?"

"అది వేరే మందు. ముక్కులో ఉబ్బిన రక్తనాళాల్ని బిగిస్తుంది. అక్కడితో ఆగితే బాగుండు! బీపీ పెంచుతుంది. కొందరికి మూత్రం బిగబట్టేస్తుంది. ఈ జలుబు మాత్రలో రెండూ ఉన్నాయి. అందుకే దీని మీద ఇంకో జలుబు మందు మింగకూడదు."

ఆ మర్నాడే రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. ముక్కు ఎర్రగా ఉంది. షాపులో నలుగురున్నారు. బీపీ లేదన్నారు, మాత్ర వేసుకున్నాక బండి ముట్టనన్నారు. మూడో ప్రశ్నకి మాత్రం గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టారు.

"అవన్నీ ఎందుకమ్మా, మాత్ర ఇవ్వు. లేదా ఇంకో షాపుకి పోతాను."

అక్కడ అడగరు. ఇస్తారు. అత్త ఒక్క క్షణం ఆయన్ని చూసి, గిర్రున నా వైపు తిరిగింది.

"ఏరా, నీకు సాఫీగా అవుతోందా?"

నా ఎదురుగా ఓ అమ్మాయి ఫోను పట్టుకుని నిలబడింది. నాకు జలుబే లేదు! తిట్టబోయి మాస్టారి వైపు చూశాను. క్యాలెండరు మీద కళ్లున్నాయి గానీ చెవులు నా దగ్గరున్నాయి. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఈవిడ అందరినీ అరిచి అడిగేది, సిగ్గుపడేవాడు ఒంటరివాడు కాకూడదని.

"లేదత్తా," అన్నాను, పరువు నేలమీద పెట్టి. "చుక్కలు చుక్కలుగా. రాత్రి నాలుగుసార్లు లేచాను."

అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది.

"నాకు ఆరుసార్లమ్మా," అన్నారు మాస్టారు, నెమ్మదిగా. "రెండు నెలలైంది."

"అయితే ఈ మాత్ర మీకొద్దు బాబాయిగారూ. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసుకోండి. ఈరోజే డాక్టరుకి చూపించుకోండి. అసలు ఆగిపోతే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యొద్దు."

మాస్టారు గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంత చిన్న వయసులోనా నాయనా! సిగ్గుపడకు. పద, ఇద్దరం కలిసే చూపించుకుందాం."

అత్త నవ్వాపుకుంటూ మాత్రల డబ్బాలు సర్దుతోంది. నేను వెళ్లి ఆయన స్కూటరు వెనక కూర్చున్నాను.