రుద్రమ్మ వ్యాన్ ఎందుకు మరిగింది

ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతున్న రోజులవి. యూసుఫ్‌గూడలో గదులు అద్దెకు తీసుకుని సోమాజిగూడ ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పనిచేసే మాలాంటి ఆడవాళ్లను రోజూ వ్యాన్‌లో దింపేది రుద్రమ్మే. భర్త పోయాక ఆయన స్టీరింగ్ తనే పట్టుకుంది. బండి మాత్రం మరిది నర్సింహులు పేరు మీద ఉంది. ఆడమనిషి బండి నడపడం అతనికి మొదటినుంచీ గిట్టదు.

శుక్రవారం వస్తే రుద్రమ్మ బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందున్న జాలీకి బంతిపూల దండ కట్టేది. పాత దండను తెంపేది కాదు. "దేవుని పూలు. వాటంతట అవే రాలాలె," అనేది. ఆ మాట నాకూ నచ్చేది.

ఆ ఎండాకాలం బండి మరగడం మొదలుపెట్టింది. నీళ్లు మార్చినా మరిగింది, పైపులు మార్చినా మరిగింది. "ఇంజన్ పోయింది. ఇంకొక్కసారి ఆగితే అమ్మేస్త," అన్నాడు నర్సింహులు.

ఆ శుక్రవారమే పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటి, ముందునుంచి ఆవిరి లేచింది. టీకొట్టాయన అడక్కుండానే బిందెతో నీళ్లు తెచ్చాడు. ట్రాఫిక్ పోలీసు తిట్టకపోగా మాతోపాటు బండిని పక్కకు నెట్టాడు. "రేడియేటర్ మూత ముట్టకుర్రి, మొకం కాలుతది," అని రుద్రమ్మ అందరినీ ఆపింది. చల్లారాక నీళ్లు పోసి, మెల్లగా అమీర్‌పేటలో మైత్రీవనం వెనక బుల్లబ్బాయి షెడ్డుకు తోలింది. మిగతావాళ్లు ఆటోల్లో పనులకు వెళ్లిపోయారు, నేను ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పి, ఆమెతోనే ఉండిపోయాను.

ఎవరు చెప్పారో, బేరగాణ్ణి వెంటబెట్టుకుని నర్సింహులు అప్పటికే అక్కడున్నాడు.

"వదినా, నేను చెప్పలే? ఇంజన్ హెడ్ పోయింది. బండి చావి ఇయ్యి."

"పోయిందని నువ్వన్నవ్. బండి అన్లే."

"బండి నీతోని మాట్లాడుతదా?"

"నాతోని మాట్లాడుతది. నీతోనే అలిగింది."

గోదావరి జిల్లా నుంచి వచ్చిన మెకానిక్ బుల్లబ్బాయి నవ్వాపుకోలేకపోయాడు. రుద్రమ్మ అతని వైపు తిరిగింది.

"నూనెల నీళ్లు కలువలే. పొగ తెల్లగ లేదు. హెడ్ పోతే ఇవి ఉండాల్నా, వద్దా?"

"ఉండాలండి. అయితే రేడియేటర్‌కు గాలి అందుతుందో లేదో చూద్దామండి."

అతను ఇంజన్ వేశాడు. కాసేపటికి ఫ్యాన్ తిరిగింది. మైత్రీవనం దగ్గర రోజూ దారినపోయేవాళ్ల చేతిలో పెట్టే కంప్యూటర్ కోర్సుల కాగితం ఒకటి తీసి రుద్రమ్మ జాలీకి ఆనించింది. లోపలి ఫ్యాన్ గాలి పీలుస్తుంటే కాగితం అతుక్కుని నిలవాలి. జారి కిందపడింది.

"పీలుస్తలేదు. విప్పు, తమ్మీ."

జాలీ విప్పితే వెనక రేడియేటర్ కనబడలేదు. బంతిరేకులు, దారాలు, పసుపు, రోడ్డు దుమ్ము కలిసి పిడకలా గట్టిపడి దాన్ని కప్పేశాయి.

"చూసినవా! నీ దేవుడే నీ బండిని ఉడకబెట్టిండు," అన్నాడు నర్సింహులు.

నాకు మనసు చివుక్కుమంది. రుద్రమ్మ ఆ పూలను గోళ్లతో గీరి కొంగులో వేసుకుంటూనే జవాబిచ్చింది.

"దేవుని మీద వెయ్యకు. కట్టింది నేను, తియ్యంది నేను. నేనే తీస్త."

పూలన్నీ షెడ్డు పక్కన కానుగ మొదట్లో పోసి, రేడియేటర్ పైపునీళ్లతో కడిగి, స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఎక్కు మరిదీ. బేరానికొచ్చినరు, మీరూ ఎక్కుర్రి అన్నా. పంజగుట్ట దాక పోయొద్దాం. మరిగితే చావి నీదే. మరగకుంటే మళ్ల అమ్ముడు మాట ఎత్తొద్దు."

"సరే," అన్నాడు నర్సింహులు పంతంగా.

ఎర్రటి ఎండ. పంజగుట్ట సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. నేను లోపల గోవిందనామాలు చదువుకుంటున్నాను. ముల్లు సగం దగ్గరే నిలబడింది. పోయి వచ్చాం. దిగుతూ బేరగాడు నర్సింహులును అడిగాడు.

"గింత మంచిగున్న బండి ఎందుకమ్ముతున్నవే?"

నర్సింహులు బండి దిగి గబగబా షెడ్డు బయటికి నడిచాడు. బండి తాళంచెవి అడగలేదు.

మరుసటి శుక్రవారం మేం ఎక్కేసరికి జాలీ కింద బంపర్‌కు కొత్త దండ ఉంది. రుద్రమ్మ ఇంటి వాకిట్లో నిలబడ్డ నర్సింహులు మూతి తిప్పాడు.

"ఇంకా కడుతున్నవా?"

"కడత. పొద్దుగూకంగ తీస్త సుత," అని రుద్రమ్మ గేరు వేసింది.